చెప్పుల డబ్బాలో ట్యాంకు



పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున్నే మా వీధి చివరింటి అబ్బాయి పాత చెప్పుల డబ్బా ఒకటి రెండు చేతులతో పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. మూత తీస్తే లోపల లుంగీ గుడ్డ పరిచి ఉంది. ఆ గుడ్డ మీద ఒక ట్యాంకు. ప్లాస్టిక్‌తో చేసిన మోడల్, జానెడు పొడవు ఉంటుంది. ఫిరంగి గొట్టం మొదలంటా విరిగి పక్కన పడి ఉంది. ఎడమవైపు చైను తెగి, మెలికపడి, అలాగే బిర్రబిగుసుకుపోయింది. రెండు చక్రాల అంచులు సెగ తగిలిన మైనంలా కుంగిపోయాయి.

"బాబాయ్, ఇది నాన్న చేసింది. ఇంటికి సున్నాలు వేయిస్తుంటే అటక మీద దొరికింది. మీరు ఇలాంటివి చేస్తారట కదా, కొత్తదానిలా చేసి ఇస్తారా?" అన్నాడు. వాళ్ల నాన్న పోయి ఆరేళ్లయింది.

ఆ డబ్బా దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు ఈ పని గురించి నాలుగు మాటలు చెప్పాలి. ట్యాంకు మోడళ్లు చేయడం, వాటికి రంగులు వేయడం, విరిగినవాటిని బాగుచేయడం, ఇది నాకు ముప్పై ఏళ్లుగా ఉన్న అలవాటు. సాయంత్రం అయ్యేసరికి బల్ల దీపం వెలిగించి, కళ్లజోడు మార్చుకుని కూర్చుంటాను. ఇంట్లోవాళ్లకు ఆ దీపం వెలిగిందంటే నన్ను ఒక గంట కదిలించకూడదని తెలుసు.

ట్యాంకు అనగానే మనలో చాలామందికి మేడ మీది నీళ్ల ట్యాంకు గుర్తొస్తుంది. అలా గుర్తురావడం తప్పేమీ కాదు. ఈ యుద్ధ యంత్రానికి ఆ పేరు వచ్చిందే నీళ్ల ట్యాంకు నుంచి. 1915లో ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో, విలియం ఫాస్టర్ కంపెనీవాళ్ల ఫ్యాక్టరీలో దీన్ని రహస్యంగా తయారుచేస్తున్నప్పుడు, సంగతి బయటికి పొక్కకుండా ఇవి నీళ్లు మోసే తొట్లని చెప్పుకున్నారు. ఆ దొంగపేరే అసలు పేరై నిలిచిపోయింది. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో, సోమ్ యుద్ధరంగంలో ట్యాంకులు మొదటిసారి పోరులోకి దిగాయి. అప్పటి తొలి నమూనా, లిటిల్ విల్లీ అని ముద్దుపేరున్నది, బోవింగ్టన్ ట్యాంకు మ్యూజియంలో ఈనాటికీ ఉంది.

హైదరాబాదులో పెరిగిన నాకు ఈ రెండు ట్యాంకులూ ఒక్కచోటే కనబడ్డాయి. ట్యాంక్ బండ్ అంటే చెరువుగట్టు. హుస్సేన్ సాగర్ అనే ఆ చెరువుగట్టు మీద, 1971 యుద్ధంలో పట్టుబడ్డ పాకిస్తానీ ప్యాటన్ ట్యాంకు ఒకటి పెట్టారు. చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని దాని ముందు నిలబడి, చక్రాలు లెక్కపెట్టేవాణ్ని. ఎన్నిసార్లు లెక్కపెట్టినా తనివి తీరేది కాదు. చైను పలకల మధ్య ఇరుక్కున్న ఎండుగడ్డి, చక్రం చుట్టూ రబ్బరు అంచు, కారిన చోట్ల తుప్పు చారలు. ఆ చారలన్నీ పైనుంచి కిందికే ఉంటాయని, వాన ఎటు జారితే తుప్పూ అటే జారుతుందని నాకు మొదట అక్కడే అర్థమైంది. ఇప్పుడు బ్రష్షుతో ఒక తుప్పు చార గీసినప్పుడల్లా ఆ గట్టు మీది ట్యాంకే నా కళ్లముందు ఉంటుంది.

ఈ అభిరుచికి పుట్టిల్లని చెప్పదగిన ఊరు జపాన్‌లో ఉంది. పేరు షిజువోకా. 1946లో యోషియో తమియా అనే ఆయన అక్కడ కలప కోత మిల్లు పెట్టారు. కలపతో పాటు కొయ్య మోడళ్లూ చేయడం మొదలుపెట్టారు. 1951లో కలప నిల్వలు అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ఆ తర్వాత, 1953 నుంచి, ఇళ్లకు వాడే కలప వ్యాపారం మానేసి పూర్తిగా మోడళ్ల మీదే నిలబడ్డారు. ఇంతలో విదేశాల నుంచి ప్లాస్టిక్ మోడళ్లు వచ్చిపడ్డాయి. కొయ్య మోడళ్లకు గిరాకీ పడిపోయింది. వీళ్లూ ప్లాస్టిక్‌కు మారి 1960లో యమాటో యుద్ధనౌక మోడల్ తెచ్చారు. అది అమ్మకాల్లో దెబ్బతింది. అప్పుడు ఆయన కొడుకు షున్‌సాకు తమియా ముందుండి ఒక జర్మన్ ట్యాంకు మోడల్ చేయించాడు. పేరు పాంథర్. మోటారు పెట్టి నిజంగా నడిచేలా చేశారు. పెట్టె మీది బొమ్మను షిగేరు కొమత్సుజాకి అనే పేరుమోసిన చిత్రకారుడి చేత వేయించారు. పిల్లలు ఎగబడి కొన్నారు, కంపెనీ నిలదొక్కుకుంది.

నాకు బాగా నచ్చే సంగతి ఇందులోనే ఒకటుంది. ఆ పాంథర్ ఏ కొలత ప్రకారం చేశారో తెలుసా? లోపల మోటారుకు కావలసిన రెండు బ్యాటరీలు పట్టేంత కొలతలో. అంతే. ఆ తర్వాత అదే కొలతలో ఇంకొన్ని ట్యాంకులు చేద్దామని లెక్క తీసి చూస్తే, అసలు ట్యాంకులో సుమారు ముప్పై ఐదో వంతుగా తేలింది. అలా బ్యాటరీల కోసం పుట్టిన ఆ కొలతే, 1/35 స్కేలు, ఈరోజు ప్రపంచమంతటా ట్యాంకు మోడళ్లకు ప్రధానమైన కొలతగా ఉంది. షున్‌సాకు తమియా 2025 జూలైలో 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన పుణ్యమా అని లక్షల ఇళ్లలో బల్లల మీద ట్యాంకులు నిలబడ్డాయి.

1/35 అంటే అసలు ట్యాంకులో 35 సెంటీమీటర్లు మోడల్‌లో ఒక సెంటీమీటరు అవుతాయి. ఐదడుగుల తొమ్మిదంగుళాల మనిషి ఐదు సెంటీమీటర్లవుతాడు, అంటే మన చిటికెన వేలంత. ఇంతకన్నా చిన్నవి, 1/48, 1/72 కూడా దొరుకుతాయి. చోటు లేనివాళ్లకు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అవి మంచివి.

ఇక పెట్టె విప్పుదాం. లోపల చక్రాలు, మూతలు, కొక్కేలు అన్నీ ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కుని, కొమ్మకు వేలాడే మామిడి పిందెల్లా ఉంటాయి. వాటిని చేత్తో తుంచకూడదు. తుంచితే భాగం అంచు ఊడి గుంట పడుతుంది. చిన్న కటింగ్ ప్లయర్‌తో, ముందు కాస్త దూరంగా కోసి, రెండోసారి దగ్గరగా కోసి, మిగిలిన బొడిపెను సాండ్ పేపరుతో రుద్దాలి. అచ్చు రెండు పలకలు కలిసిన చోట ప్రతి భాగం మీదా సన్నటి గీత ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. బ్లేడు వీపుతో గీకి దాన్నీ తీసేయాలి. చక్రాలే పాతిక ముప్పై ఉంటాయి. ప్రతి చక్రానికీ ఇదే పని. కొత్తవాళ్లు చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు. నాకు మాత్రం చిక్కుడుకాయలకు ఈనెలు తీసినంత హాయిగా ఉంటుంది. చేతులు పని చేస్తుంటాయి, మనసు తేలికపడుతుంది.

జిగురు గురించి చెప్పాలి. మనం కాగితాలకు, చెక్కకు వాడే జిగురు దీనికి పనికిరాదు. మోడళ్లకు వాడేది నీళ్లలా పల్చగా ఉండే ద్రవం. అది అంటించదు, కరిగిస్తుంది. రెండు భాగాలను అతుకు దగ్గర ఆనించి పట్టుకుని, ఆ ద్రవంలో ముంచిన బ్రష్షు కొసను అతుకు చివర తాకిస్తే చాలు. ఒత్తి నూనె పీల్చుకున్నట్టు అది తనంతట తానే అతుకు పొడవునా పరుగెత్తుతుంది. రెండువైపుల ప్లాస్టిక్ కరిగి ఒకటైపోతుంది. ఒక రాత్రి ఆరితే అది ఇక ఒక్కటే ముక్క. ఎక్కడైనా సందు మిగిలిందా, చట్రం నుంచి కోసి పారేసే ముక్కలనే అదే జిగురులో వేసి రెండు రోజులు నానబెడితే ముద్దలా అవుతుంది. దాన్ని లప్పంలా సందులో పెట్టి, ఆరాక రుద్దితే అతుకు ఎక్కడో కనిపెట్టలేరు. మన కొండపల్లి బొమ్మల పనివాళ్లు రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపి మక్కు చేసి, విడివిడిగా చెక్కిన కాళ్లూ చేతులూ అతుకుతారు కదా. కొయ్యబొమ్మకు కొయ్యపొట్టే, ప్లాస్టిక్ బొమ్మకు ప్లాస్టిక్కే. ఏ దేశపు పనివాడైనా చివరికి ఈ దారికే వచ్చాడు.

నేను చేసినవాటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఒక పీటీ-76. సోవియట్ యూనియన్‌లో తయారైన తేలికపాటి ట్యాంకు, మన సైన్యం 1971లో వాడింది. పద్నాలుగు టన్నుల బరువుండి కూడా నీళ్ల మీద తేలుతుంది. వెనుక రెండు నీటి జెట్లు తోస్తుంటే నదిని ఈదుకుంటూ దాటుతుంది. నెయ్యి డబ్బాలా తేలుతుందని మన జవాన్లు దానికి పిప్పా అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరుతో 2023లో హిందీ సినిమా కూడా వచ్చింది. తెలుగులో మనం పీపా అంటాం, మాట దాదాపు ఒకటే.

తేలాలంటే తేలిగ్గా ఉండాలి. తేలిగ్గా ఉండాలంటే ఉక్కు పల్చగా ఉండాలి. ఫిరంగి ఉండే బురుజును పక్కనపెడితే, ఆ ట్యాంకు ఒంటికి ఉన్న కవచం ఎంత మందమైన చోట చూసినా 14 మిల్లీమీటర్లే. ఇది పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా నాకు తలకెక్కలేదు. మోడల్ చేస్తున్నప్పుడు ఒకరోజు లెక్క వేశాను. 14 మిల్లీమీటర్లను 35తో భాగిస్తే 0.4 మిల్లీమీటర్లు. విజిటింగ్ కార్డు మందం. నా చేతిలో ఉన్న ప్లాస్టిక్ పలక మందం ఒక మిల్లీమీటరు. అంటే ఈ కొలతలో చూస్తే అసలు ట్యాంకు ఈ బొమ్మ కన్నా పల్చనిది. ఒక విజిటింగ్ కార్డు తెచ్చి ఆ పలక పక్కన పెట్టి చూశాను. ఆ రేకు వెనకాల ముగ్గురు మనుషులు కూర్చున్నారు.

1971 నవంబరు 21 తెల్లవారుజామున, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని గరీబ్‌పూర్ దగ్గర, దట్టమైన మంచులో, మన సైన్యంలోని 45 కావల్రీ దళానికి చెందిన 14 పీటీ-76లు పాకిస్తాన్ సైన్యపు చాఫీ ట్యాంకులను ఎదుర్కొన్నాయి. దళపతి మేజర్ దల్జీత్ సింగ్ నారగ్ ఆ పోరులో ప్రాణాలిచ్చారు. మరణానంతరం ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. ఆ తర్వాత దళాన్ని నడిపించిన కెప్టెన్ బలరామ్ సింగ్ మెహతా చాలా ఏళ్లకు ఆ పోరు మీద ఒక పుస్తకమే రాశారు. పీటీ-76 బురుజు మీద పెద్ద మూత ఒకటుంటుంది, ముందుకు తెరుచుకుంటుంది. తెరిచి నిలబెడితే ఎదురుగా ఉన్నదాన్ని ఆ మూతే కప్పేస్తుంది. మోడల్‌లో ఆ మూతను తెరిచిన స్థితిలో అతికించి, దాని వెనక చిటికెన వేలంత మనిషిని నిలబెట్టినప్పుడు, అతని తల ఎంత బయటికి వస్తే ముందుదారి కనబడుతుందో నా కంటికి తెలిసింది.

మా దగ్గరి బంధువు ఒకావిడ ఒకసారి అడిగింది: "మనుషుల్ని చంపే వస్తువును ఇంత ముద్దుగా ఎందుకు చేస్తావురా?" సమంజసమైన ప్రశ్నే. ఆవిడ చేతిలో ఆ విజిటింగ్ కార్డు పెట్టి ఈ సంగతంతా చెప్పాను. యుద్ధాన్ని పొగడడానికి నేను ఏ రోజూ ఈ బల్ల దగ్గర కూర్చోలేదు. దూరం నుంచి చూస్తే ట్యాంకు కొండలా, భయంకరంగా ఉంటుంది. ఒక్కొక్క చక్రం, ఒక్కొక్క మూత అతికించుకుంటూ వెళితే లోపల మనిషికి ఎంత ఇరుకో, ఎంత వేడో, బయటపడే దారి ఎంత చిన్నదో తెలుస్తుంది. ఆవిడ ఇంకేమీ అనలేదు. కార్డును కాసేపు వేళ్ల మధ్య వంచి చూసింది.

రంగుల దగ్గరికి వస్తాను. ఇక్కడ నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. మొదటిది, రంగు పాలంత పల్చగా ఉండాలి. మందంగా పూస్తే ఏమవుతుందో లెక్క చెబుతాను. మోడల్ మీద పదో వంతు మిల్లీమీటరు రంగు పొర పడిందంటే, అసలు ట్యాంకు మీద మూడున్నర మిల్లీమీటర్ల పూత పడినట్టు. వెల్డింగు గీతలు, బోల్టు తలలు అన్నీ దాని కింద పూడిపోతాయి. అందుకే ఎయిర్‌బ్రష్‌తో పల్చగా, మూడు నాలుగు సార్లు కొడతాం. బ్రష్షుతోనూ చేయవచ్చు, ఓపిక రెట్టింపు కావాలి. రెండోది, సైన్యం వాడే ఆలివ్ గ్రీన్‌ను డబ్బాలోంచి తీసినట్టే కొడితే చిన్న మోడల్ మీద అది నల్లగా కనబడుతుంది. దూరంగా ఉన్న కొండ పచ్చదనం ఎలా పాలిపోతుందో, చిన్న వస్తువు మీద రంగునూ అలా కాస్త పాలిపోయేలా చేయాలి. నేను రెండు మూడు చుక్కల లేత పసుపు కలుపుతాను.

అప్పటికి ట్యాంకు షోరూములోంచి వచ్చినట్టుంటుంది. దానికి ప్రాణం వచ్చేది ఆ తర్వాత. ఆయిల్ రంగుల్లో ముదురు గోధుమ రంగును టర్పెంటైన్‌లో కలిపి, టీ డికాక్షన్‌లా చేసి, సన్న బ్రష్షుతో ఒక బోల్టు మొదట్లో తాకించండి. ఆ నీళ్లు బోల్టు చుట్టూ తిరిగి, దాని నీడను అక్కడ గీసి ఆరిపోతాయి. అంతవరకూ కంటికి ఆనని బోల్టు ఒక్కసారిగా లేచి కూర్చుంటుంది. ఎన్నేళ్లయినా నాకు ఆ క్షణం పాతబడలేదు.

బురదకు, దుమ్ముకు సీసాల్లో అమ్మే పొడులున్నాయి. నేను ఇంట్లో దొరికేవే ఎక్కువ వాడతాను. ఇటుక పొడిని వస్త్రగాళం పడితే మంచి తుప్పు రంగు. అగరుబత్తి బూడిద ఎండాకాలపు దుమ్ముకు సరిగ్గా సరిపోతుంది. తడి బురదకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో రంగు కలిపి పాత టూత్‌బ్రష్షుతో చిమ్ముతాను. కాని ఎక్కడ పడితే అక్కడ చిమ్మడం కాదు. చైను బురదను ఎక్కడికి విసురుతుంది? చక్రాల మీదికి, వెనక పలక మీదికి. మనుషులు ఎక్కడ అడుగుపెట్టి ఎక్కుతారు? అక్కడ రంగు అరిగి ఉండాలి. చైను పలకల్లో నేలను తాకే చోటు మెరుస్తుంది, సందుల్లో మట్టి ఉంటుంది. పొలం నుంచి ఊళ్లోకి వచ్చిన ట్రాక్టరును ఒక్కసారి శ్రద్ధగా చూడండి, ఏ పుస్తకమూ అక్కర్లేదు.

వానాకాలంలో ఒక జాగ్రత్త. ఒక జూలైలో, రెండు నెలలు కష్టపడి చేసిన మోడల్ మీద మెరుపు తగ్గించే ఆఖరి వార్నిష్ కొట్టాను. బయట ముసురు. పది నిమిషాల్లో ట్యాంకంతా తెల్లగా, మంచు కమ్మినట్టు అయిపోయింది. గాలిలోని తేమ ఆరుతున్న పూతలో చిక్కుకుంటే అలా పాలిపోతుంది. ఆ రాత్రి అన్నం సయించలేదు. వారం తర్వాత మంచి ఎండ కాసిన రోజు పల్చగా థిన్నరు కొడితే చాలావరకు విడిచింది, వెనక మూలన మాత్రం మచ్చ ఉండిపోయింది. అప్పటి నుంచి ముసురు పట్టిన రోజున వార్నిష్ సీసా మూత తీయను.

కిట్లు చౌక కావు, ఆ మాట దాచను. అమెరికా చుట్టాల పెట్టెల్లో పచ్చళ్లు వెళ్లి కిట్లు తిరిగొచ్చే ఇళ్లు నాకు తెలుసు. కిట్టయితే తేవచ్చు గాని, మండే గుణమున్న జిగురు, రంగులు విమానంలో రానివ్వరు. అవి ఇక్కడే కొనుక్కోవాలి. ఒక చిన్న కిట్టు, ఒక కట్టరు, ఒక బ్లేడు, రెండు బ్రష్షులు, నాలుగు రంగులు. మొదలుపెట్టడానికి ఇంతే. మొదటిది పూర్తయ్యేదాకా రెండోది కొనకండి. కిటికీ తెరిచి పనిచేయండి, రంగు కొట్టేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి. పిల్లలు చేస్తుంటే బ్లేడు పని పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి.

ఇప్పుడు చెప్పుల డబ్బా దగ్గరికి వద్దాం.

అందులో ఉన్నది సెంచూరియన్. బ్రిటిష్ ట్యాంకు, మన సైన్యంలో 1965లోనూ 1971లోనూ పోరాడింది. దాన్ని బల్ల మీద పెట్టి దీపం కింద చూశాను. చక్రాలు కరగడానికి కారణం వెంటనే తెలిసింది. పాత మోడళ్లలో చైన్లు మెత్తటి వినైల్‌తో చేసేవారు. ఆ మెత్తదనం కోసం కలిపే నూనెలాంటి పదార్థం ఏళ్ల తరబడి బయటికి ఊరి, తాకిన చోటల్లా చక్రాల ప్లాస్టిక్‌ను తినేస్తుంది. పెట్టెలో భద్రంగా దాచినా ఇది ఆగదు. రంగు మామూలు కిటికీలకు వేసే ఎనామెల్, బ్రష్షుతో వేసింది. వెనక ఇంజను మూత మీద బ్రష్షు వెంట్రుక ఒకటి రంగులో చిక్కుకుని అలాగే ఆరిపోయింది. బురుజు పక్కన చేత్తో రాసిన పేరు ఒకటి, చివరి అక్షరాలకు చోటు చాలక కాస్త ఇరికించారు. ఫమగుస్తా.

అబ్బాయిని పిలిచి ఆ పేరు తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు. చెప్పాను. 1971 డిసెంబరు 16న బసంతర్ దగ్గర జరిగిన పోరులో, పూనా హార్స్ దళానికి చెందిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ ఎక్కిన ట్యాంకు పేరది. ట్యాంకుకు దెబ్బ తగిలి మంటలు లేచాయి, వదిలేసి రమ్మని పైవాళ్లు రేడియోలో చెప్పారు. తన ఫిరంగి ఇంకా పనిచేస్తోందని, రానని ఆయన జవాబిచ్చారు. అప్పటికి ఆయన వయసు 21 ఏళ్లు. పరమవీర చక్ర ఇచ్చారు. "నాన్న ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు" అన్నాడు అబ్బాయి.

అప్పుడు భూతద్దం ఇచ్చి బురుజు అడుగు చూడమన్నాను. అతుకు దగ్గర జిగురు ఎక్కువై పొంగింది. అది తడిగా ఉన్నప్పుడు వాళ్ల నాన్న బొటనవేలు ఆనింది. వేలిముద్ర గీతలు ఒక్కటి కూడా చెదరకుండా ప్లాస్టిక్‌లో అచ్చుపడి ఉన్నాయి. రంగంతా తీసేసి, రుద్ది, కొత్తగా వేస్తే ముందు పోయేది అదే. అబ్బాయి చాలాసేపు భూతద్దం దించలేదు. తర్వాత, "రంగు తీయొద్దు బాబాయ్" అన్నాడు.

బాగుచేయడంలో నా పద్ధతి అప్పుడూ ఇప్పుడూ ఒకటే. విరిగినదాన్ని మాత్రమే ముట్టుకోవాలి. ఎవరు చేశారో వాళ్ల చెయ్యి అందులో మిగలాలి. చైన్లు రెండూ జాగ్రత్తగా కోసి తీశాను. కుంగిన చక్రాలకు చట్రం ముక్కల ముద్ద పెట్టి, రెండు రోజులు ఆరనిచ్చి, గుండ్రంగా రుద్దాను. నా దగ్గర పాత కిట్టులో మిగిలిన చైను పలకలు ఉంటే ఒక్కొక్కటీ కలిపి కొత్త చైన్లు అల్లాను. సెంచూరియన్‌కు పక్కన రేకులుంటాయి కాబట్టి పై వరుస కనబడదు, కింది వరుస మాత్రం చక్రాల మధ్య కొద్దిగా జారేలా ఉంచాను. బరువైన ఇనుప చైను అలాగే ఉంటుంది.

ఫిరంగి గొట్టమే పెద్ద పని. వట్టి జిగురుతో అంటిస్తే నెలలో మళ్లీ విరుగుతుంది. లోపల ఇత్తడి తీగ వేయాలి. రెండువైపులా రంధ్రాలు సరిగ్గా ఎదురెదురుగా పడాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా గొట్టం వంకర తేలుతుంది. దానికి ఒక ఉపాయం ఉంది. ఒక ముక్క మధ్యలో తడి రంగు చుక్క పెట్టి, రెండో ముక్కను దానికి ఆనిస్తే ఆ చుక్క ఇటూ అంటుకుంటుంది. ఆ రెండు చుక్కల దగ్గర చేతి డ్రిల్లుతో, ఊపిరి బిగబట్టి, మెల్లగా తిప్పుతూ రంధ్రాలు వేశాను. తీగ ఎక్కించి, అతికించి, రాత్రంతా రెండు పుస్తకాల మధ్య నిలబెట్టాను. అతుకు దగ్గర వేలి వెడల్పు మేర మాత్రమే కొత్త రంగు పడింది. ఆ రంగు కలపడానికే మూడు సాయంత్రాలు పట్టాయి, ఎందుకంటే పాత ఎనామెల్ పచ్చదనం ఇన్నేళ్లలో పసుపెక్కి ఉంది. బ్రష్షు వెంట్రుకను, ఇరికించి రాసిన అక్షరాలను, వేలిముద్రను ముట్టుకోలేదు.

ఇప్పుడది వాళ్ల ముందుగదిలో, గాజు తలుపుల అలమారలో, వాళ్ల నాన్న ఫోటో పక్కన ఉంది. ఎండ తగలని చోట పెట్టమని చెప్పాను.

మీ ఇంట్లో అటక మీదో, పాత ట్రంకు పెట్టెలోనో ఇలాంటి మోడల్ ఏదైనా ఉంటే, విరిగిందని పారేయకండి. రాలిన ముక్కలు ఎంత చిన్నవైనా ఏరి, ఒక అగ్గిపెట్టెలో వేసి, దాని పక్కనే ఉంచండి. తొందరపడి ఫెవిక్విక్‌తో అంటించకండి, వంకరగా అతుక్కుంటే మళ్లీ విడదీయడం చాలా కష్టం. గట్టిగా తుడవకండి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు. వినైల్ చైన్లుంటే చక్రాలకు, చైనుకు మధ్య చిన్న పాలిథిన్ ముక్క దూర్చండి. ఎవరు చేశారో, ఏ ఏడు చేశారో ఒక చీటీ మీద రాసి అడుగున అంటించండి.